డిక్షనరీకి రెండో కోత

ఆ ఏడు మిరప కోతలు మొదలవుతుండగా మా ఇంట్లోకి ఒక డిక్షనరీ దిగింది. దిగింది అని ఊరికే అనడం లేదు. దాన్ని మోసుకొచ్చిన ఆటో మా వీధి మలుపులో ఒక పక్కకి ఒరిగితే డ్రైవరు దిగి టైరు తట్టి చూసుకున్నాడు. గుంటూరులో పాత పుస్తకాల కొట్టువాడు దాన్ని అలమరలోంచి బయటికి లాగాక కింద వంగిపోయిన చెక్క అర జానెడు పైకి లేచిందట. నేను చూడలేదుగానీ, బస్సులో ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకొచ్చినవాడిగా నమ్ముతాను. దిగాక చాలాసేపు నా తొడలు నా మాట వినలేదు.

తెప్పించింది మా వదిన రాజ్యం. తెచ్చింది నేను, బాలుని. గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను, లేదా చదువుతున్నానని ఇంట్లో అనుకుంటున్నారు. ఇంగ్లీషు మీడియం కాబట్టి ఇంగ్లీషంతా నా జేబులో ఉందని మావాళ్ళ నమ్మకం. ఒకరి నమ్మకాన్ని చెడగొట్టడం పాపం గనక నేనెప్పుడూ జేబు తిరగేసి చూపించలేదు.

సంగతేంటంటే, చేలకి పురుగుమందు కొట్టే డ్రోను నడపడం డ్వాక్రా గ్రూపుల్లో ఆడవాళ్ళకి నేర్పిస్తామని మండలాఫీసు నుంచి ఒక మేడం వచ్చి చెప్పింది. పదో తరగతి పాసై ఉండాలి. డ్రోను పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి, కోతలయ్యాక గుంటూరులో ఒక పరీక్ష పెడతారు. ఒక పేరా చేతికిస్తారు, చదివి అందులో ఏముందో తెలుగులో చెప్పాలి. ఫోన్లు లోపలికి రానివ్వరు. పాసైతే ట్రైనింగు. తప్పితే డ్రోను పక్కూరి గ్రూపుకి పోతుంది. చదువుకోమని ఆ డ్రోను పుస్తకం జిరాక్సు ఒకటి ఇచ్చి వెళ్ళింది. మా ఊరి గ్రూపులో పది పాసైనవాళ్ళు ఇద్దరే. అందులో ఒకామెకి నెలలు నిండాయి. మిగిలింది మా వదిన. ఆమెదీ తెలుగు మీడియమే. పదిలో ఇంగ్లీషు ఆఖరి మార్కు ఎవరో పుణ్యాత్ములు జాలిపడి వేశారని తనే చెప్పేది.

ఆమెకి ఈ డ్రోను పట్టుదల ఎందుకొచ్చిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు. దీపావళి ముందు మా అన్నయ్య వీరాంజనేయులు వీపున ట్యాంకు తగిలించుకుని మిరపకి మందు కొడుతూ కొడుతూ సాళ్ళ మధ్యనే పడిపోయాడు. మందు ఒంటికెక్కింది. వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తినడం మొదలుపెట్టగానే మళ్ళీ ట్యాంకు ఎత్తుకున్నాడు, ఎందుకంటే పురుగు ఆస్పత్రికి వెళ్ళలేదు కదా. అప్పట్నుంచీ అన్నయ్య మందు కొట్టడానికి వెళ్తే వదిన కూడా వెళ్ళి గట్టు మీద నిలబడేది. ఏ పనీ చేసేది కాదు. అతను ఆ చివరికి వెళ్ళి ఈ చివరికి వచ్చేదాకా చూస్తూ నిలబడేది.

నాన్న పోయాక ఇంటి పెత్తనం మా అమ్మ కోటేశ్వరిది. అమ్మకి ఈ వ్యవహారం నచ్చలేదు. కోడలు పరీక్ష తప్పితే ఊరు నవ్వుతుంది, పాసైతే ఊరు ఏడుస్తుంది, రెండూ ఇంటికి మంచివి కావంది. వదిన ఎదురు చెప్పలేదు, పక్కకీ తప్పుకోలేదు. చివరికి అమ్మే దిగొచ్చి, ఈ కోతల కాలం వరకే చూస్తాను, తప్పితే మళ్ళీ ఈ ఇంట్లో ఎగిరే వస్తువు పేరెత్తకూడదు అని తీర్మానించింది. వదిన సరేనంది. ఆ మర్నాడే నేను గుంటూరు బస్సెక్కాను.

మా వైపు చేలో దిగితే ఒక పద్ధతుంది. గట్టు దగ్గర మొదలుపెట్టి, ఎవరి సాలు వాళ్ళు పట్టుకుని, ఒక్క చెట్టు వదలకుండా ఆ చివరిదాకా వెళ్ళాలి. నాలుగు చెట్లు దాటేసి ముందుకు పోయినవాణ్ణి తోటి కూలీలే కాదు, కాకులు కూడా తిడతాయి. వదిన డిక్షనరీలో కూడా అలాగే దిగింది. మొదటి పేజీ, మొదటి మాట. పొద్దున్నే గేదె దగ్గర కూర్చుని ఒక మాట, చేలోకి నడుస్తూ ఒక మాట. సాయంత్రాలు, కోసిన కాయలు ఆరబోసిన కల్లంలో కూర్చుని, రంగు చెడిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తూ ఇంకో నాలుగు మాటలు. ఈ లెక్కన జెడ్ దాకా వచ్చేసరికి డ్రోను నడిపేది నీ మునిమనవరాలు అవుతుంది వదినా అన్నాను. వినలేదు. కొన్నాళ్ళకి ఆమెకి 'ఎబాండన్' నుంచి 'ఎబ్సెంట్' దాకా కంఠతా వచ్చింది. ఆ నాలుగు మాటలతోనే బతికే దేశం ఎక్కడైనా ఉంటే మా వదిన అక్కడ కలెక్టరు.

తీరా డ్రోను పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో వాటిలో ఒక్క మాటా లేదు.

వదిన మొహం చూసి నాకు జాలేసింది. అంత బరువు పుస్తకం నువ్వేం ఎత్తుతావు, నన్నడుగు, అర్థాలు నేను చెబుతాను అన్నాను. పాపం, అడిగింది. నాజిల్ అంటే దొరల ఆడవాళ్ళు పెట్టుకునే ముక్కుపుడక అని చెప్పాను. ప్రొపెల్లర్ అంటే పెళ్ళి సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి. పేలోడ్ అంటే ఇల్లరికపుటల్లుడు. ఇవన్నీ బ్యాంకు మేనేజరు లోను లేదని చెప్పేటప్పుడు పెట్టే మొహంతో చెప్పాను. వదిన ప్రతి మాట మీదా పెన్నుతో అర్థం రాసుకుంది. రాసుకుని, ఆ సాయంత్రం కల్లంలో అందరి ముందూ గొంతు సవరించుకుని చదివింది. ముక్కుపుడకను శుభ్రం చేసిన తరవాతనే పెళ్ళిళ్ళ పెద్దను తిప్పవలెను. ఇల్లరికపుటల్లుడు పది కిలోలు మించరాదు.

కూలీల మేస్త్రి పిచ్చమ్మ అయితే, పది కిలోల అల్లుడు ఎవరికైనా దొరికితే బాగానే ఉంటాడు, తిండి కలిసొస్తుంది అంది. అన్నయ్య ఏడాదికి ఆరేడు మాటలు మాట్లాడే మనిషి. అందులో రెండు ఆ రోజు ఖర్చు పెట్టాడు.

"ఎవరు చెప్పారు?"

వదిన నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. మామూలుగా మరిదిని వదిన చెవి పట్టుకుని మెలితిప్పాలి, అది ఆచారం. ఆమె అది కూడా చెయ్యలేదు. డిక్షనరీని ఒళ్ళోకి లాక్కుని, కాసేపు వెతికి, నాజిల్ ముక్కుపుడక కాదు, మందు చిమ్మే గొట్టం మూతి అని తెలుసుకుని, పుస్తకం మూయకుండానే అంది.

"ఇక నుంచి కూడా అర్థాలు నువ్వే చెప్పు బాలూ. నీ ఇష్టం వచ్చినట్టు చెప్పు. నేను ఇందులో చూసుకుంటా. అబద్ధం దొరికితే ఆ పూట నా బదులు తాలు నువ్వు ఏరాలి."

"నిజమైతే?"

"గుడ్డట్టు వేసి పెడతా."

గుడ్డట్టు కోసం నేను చాలా చేస్తాను, కానీ నిజం చెప్పడానికి మాత్రం మనసు రాలేదు. పైగా ఇప్పుడు ముక్కుపుడకల్లాంటి మొరటు అబద్ధాలు పనికిరావు. నిజంలాంటి అబద్ధాలు తయారుచెయ్యాలి. అందుకోసం నేనే ముందు ఫోన్లో అసలు అర్థం చూసి, దానికి వేలు విడిచిన మేనత్త కొడుకులాంటి అర్థం ఒకటి అల్లేవాణ్ణి. ఆ కోతల్లో నేను చదివినంత ఇంగ్లీషు మా కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళు కూడా చదివి ఉండరు.

మొదట్లో నా అబద్ధాలు బాగానే బతికాయి. ఎస్‌తో మొదలయ్యే మాట కావాలంటే వదిన ఎ దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చేది. దారిలోనే అలిసిపోయి నన్ను నమ్మేది. తరవాత పేజీ పైమూలలో ఉన్న మాటలు చూసుకుంటూ పోవడం అలవాటు చేసుకుంది, బస్సు కిటికీలోంచి ఊళ్ళ బోర్డులు చూసుకున్నట్టు. ఆ తరవాత, మాట కింద మొదట ఉన్న అర్థం దగ్గరే ఆగిపోవడం మానేసి, చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాల దాకా దిగడం మొదలుపెట్టింది. అక్కడే నా పని అయిపోయింది. డ్రిఫ్ట్ అంటే గాలివాన అని చెప్పాను ఒక రోజు. ఎంత మర్యాదస్తుడైన అబద్ధం అది. డ్రోను పుస్తకంలో గాలి గురించే ఉంది కూడా. వదిన కింద వాక్యం చదివింది, జిరాక్సులో వాక్యం చదివింది, మళ్ళీ కింద చదివింది.

"గాలివాన కాదు. గాలికి పక్కకి కొట్టుకుపోవడం. మనం కొట్టిన మందు పక్కోడి చేలో పడటం," అంది. చాట నా ముందుకు జరిపింది.

ఆ సీజనులో నేను ఏరిన తాలుకాయల్ని వరసగా పేర్చుకుంటూ పోతే సింగరాయకొండ దాటి సముద్రంలో దిగేవి. ఆ ఘాటుకి నేను తుమ్మిన తుమ్ములకి పక్క కల్లంలో కాయల కింద పరిచిన పట్టాలు లేచాయి.

ఇంత జరుగుతున్నా పరీక్ష సంగతి మాత్రం ముందుకి కదల్లేదు. వదిన ఒక్క మాట వదిలేది కాదు. తెలిసిన మాటలు కూడా, ఏమో, ఇంకో అర్థం ఉందేమో అని వెతికేది. జిరాక్సు పేజీల మీద పెన్నుతో రాసిన తెలుగు, తెల్లదోమ పట్టిన ఆకులా కమ్ముకుపోయింది. కింద ఇంగ్లీషు కనబడటం మానేసింది. మాట మాటకీ అర్థం చెప్పగలదు. వాక్యం ఏమంటోందంటే మాత్రం బిక్కమొహం వేసేది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోయేది, అంత దూరం నడిచి వచ్చేది మరి. పుస్తకంలో నాలుగో పేజీ దాటలేదు, ఇక్కడ రెండో కోత వచ్చేసింది. పరీక్ష తేదీ కూడా చెప్పేశారు.

ఒక సాయంత్రం ఆమె డిక్షనరీ మూసి, ఇక నా వల్ల కాదేమో అని అన్నయ్యతో అంది. అన్నయ్య గోనెసంచి మూతి కుడుతున్నాడు. దబ్బనం ఆపకుండానే అన్నాడు.

"వద్దులే. ట్యాంకు బాగానే ఉందిగా."

అతను ఓదార్పుగానే అన్నాడు. అంతకంటే మంచిగా చెప్పడం అతనికి రాదు. వదిన మాత్రం ఆ మాట వినగానే లేచి లోపలికి వెళ్ళింది, మొహం కడుక్కుని వచ్చింది, మళ్ళీ పుస్తకం తెరిచింది. ఆ రోజు నేను అబద్ధాలేమీ చెప్పలేదు. అడిగినవాటికి అర్థాలు చెప్పి గుడ్డట్టు కూడా వద్దన్నాను.

మర్నాడు కూలీలు తక్కువ పడితే అమ్మ నన్ను కూడా చేలోకి తోలింది. నా సాలు నాకిచ్చారు. మిరప చెట్టు ముందు వంగుని ఒక్కొక్క కాయా చూసి కోయడం తెలివైనవాడు చేసే పని కాదనిపించింది. కొమ్మ మొదట్లో పట్టుకుని చివరిదాకా దూసేశాను. ఎరుపూ, పచ్చా, పిందే అన్నీ కలిసి గంపలో పడ్డాయి. జనమంతా అరగంప నింపేలోపల నేను గంప నింపి, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను. పిచ్చమ్మ వచ్చి గంపలోకి చూసింది, నా మొహంలోకి చూసింది.

"ఏందబ్బాయా ఇది. గొడ్డు మేసినట్టు మేశావే."

కాలేజీలో ఇలాగే నేర్పించారని చెప్పాను.

"అయితే నిన్ను కూడా పచ్చిగానే కోసి పంపినట్టున్నారు," అంది. ఒక చెట్టు దగ్గరికి నన్ను లాక్కెళ్ళి, కొమ్మ పైకెత్తి చూపించింది. "పండింది కొయ్యి. దోరది వదిలెయ్. పచ్చిదానితో నీకేం పని ఇప్పుడు? మళ్ళీ కోతకొచ్చేసరికి అదే పండిద్ది. అన్నీ ఒకేసారి లాగేస్తే ఏది కాయో ఏది తాలో నీకే తెలీదు, చెట్టూ నాశనం."

నేను తలూపుతూ పక్కకి చూశాను. పక్క సాలులో వదిన వంగున్నది వంగున్నట్టే ఉంది. చెయ్యి కొమ్మల్లోనే ఆగిపోయింది. పామేమో అనుకుని, ఏంటి వదినా అని అడిగాను. ఏం లేదంది. ఒక ఎర్ర కాయ తుంచింది, దాని పక్కనున్న దోరకాయని వేలితో కాస్త జరిపి వదిలేసింది, ముందుకు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమె జిరాక్సులో పెన్ను తగలని కొత్త పేజీ తీసింది. డిక్షనరీని చెయ్యి అందనంత దూరంలో పెట్టింది. పేజీ మొదట్నుంచి చివరిదాకా ఆగకుండా చదివింది. తెలిసిందీ చదివింది, తెలియందీ చదివింది. ఇంకోసారి చదివింది. అప్పుడు పెన్సిలు తీసుకుని అక్కడక్కడా కొన్ని మాటల కింద మాత్రం గీత గీసింది. లేచి వెళ్ళి ఆ మాటలే వెతికింది. వెతికేముందు ప్రతి మాటకీ ఇది బహుశా ఇదయ్యుంటుంది అని గొణుక్కుని, తరవాతే పుస్తకం తెరిచేది. కొన్ని కలిసేవి. కలవకపోతే ఆ వాక్యాన్ని మళ్ళీ మొదట్నుంచి చదివేది.

ఇంకా బోలెడు తెలియని మాటలు మిగిలాయి కదా, వాటి సంగతేంటని అడిగాను.

"అవి పచ్చివి," అంది. "అవి లేకపోయినా ఈ పేజీ ఏమంటుందో నాకు తెలిసింది. రేపు ఇంకోసారి వస్తాగా."

నిజంగానే మర్నాడు వచ్చింది. అదే పేజీ. ముందురోజు వదిలేసిన మాటల్లో కొన్ని తమంతట తామే తెలిసిపోయాయి. కొత్త పేజీల్లో కూడా అవే మళ్ళీ మళ్ళీ ఎదురై చుట్టరికం కలుపుకున్నాయి. మిగిలినవాటిలో రెండో మూడో వెతికింది. నన్ను అర్థాలు అడగడం మాత్రం మానేసింది. పైపెచ్చు తనే ముందు అర్థం చెప్పి, నిజమా అబద్ధమా తేల్చమని నన్ను సతాయించేది. నా ఉద్యోగం పోయిందని అమ్మకి ఫిర్యాదు చేశాను. నువ్వెప్పుడు చేశావురా ఉద్యోగం అంది అమ్మ. అలా అంటూనే కోడలి వైపు ఒకసారి చూసింది. ఆ మర్నాటి నుంచి సాయంత్రం పాలు పితకడం అమ్మ తీసుకుంది. కోడలు గేదెని బెదరగొడుతోందని, పాలు తగ్గాయని కారణం చెప్పింది. ఆ గేదె మా వదిన కనిపిస్తే తోక ఊపుకుంటూ వచ్చే గేదె.

ఆఖరి కోత అయ్యేసరికి జిరాక్సు మొత్తం అయింది. పరీక్ష రోజు పొద్దున్నే అన్నయ్య వదినని గుంటూరు తీసుకెళ్ళాడు. పెరుగన్నం బాక్సు అమ్మే కట్టింది, ఎవరూ తినకపోతే పాడైపోతుందని చెప్పి. ఆ రోజంతా అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మధ్యాహ్నం నన్ను పిలిచి, పేరా అంటే ఎంత ఉంటుందిరా అని అడిగింది. బెత్తెడు ఉంటుందన్నాను. బెత్తెడేనా అని కాస్త స్థిమితపడింది.

పొద్దు వాలుతుండగా ఆటో కల్లం దగ్గర ఆగింది. మేమంతా గోనెసంచుల్లో కాయలు తొక్కి నింపుతున్నాం. అమ్మ ఒక మూల కూర్చుని తాలు ఏరుతోంది. అన్నయ్య దిగాడు, అతని మొహంలో ఏదైనా కనిపెట్టడమంటే గోడని చదవడమే. వదిన దిగి ఎవరి వైపూ చూడకుండా నేరుగా వచ్చింది.

"డిక్షనరీ ఏది?"

అమ్మ కూర్చున్నది దాని మీదే. చాట పట్టుకునే లేచింది. వదిన మోకాళ్ళ మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకున్న ఒక మాట ఉంది, చెమటకి సగం చెదిరింది. ఆర్ దగ్గరికి ఒక్కసారిలో వెళ్ళింది. వేలు కిందికి దిగింది, ఆగింది. కింద చిన్న అక్షరాల దాకా చదివింది. పుస్తకం మూసింది.

"అనుకున్నదే," అంది, తనలో తను.

ఆ తరవాత మంచినీళ్ళు తాగింది. చెంబు ఖాళీ అయ్యేదాకా కల్లంలో ఎవరూ కదల్లేదు. చెంబు కింద పెట్టాక అన్నయ్య ఆ ఏడాది మాటల ఖాతాలో మిగిలినవన్నీ తీసేశాడు.

"వచ్చే నెల ట్రైనింగు. పదిహేను రోజులు. దీన్నే తీసుకున్నారు."

అప్పుడు వదిన చెప్పింది. పేరాలో ఒక రైతుకి ఎవరో కొత్త విత్తనం ఇస్తారు. అతను అది వెయ్యడు. రెండేళ్ళు పక్కోడి చేను చూస్తాడు. మూడో ఏడు, ఎవరూ చూడకుండా ఒక మూల నాలుగు సాళ్ళు వేస్తాడు. పండాక, నేను ముందే అనుకున్నా అంటాడు. అందులో ఒక్క మాట మాత్రం ఆమె ఎప్పుడూ చూసింది కాదు. దాని దగ్గర ఆగలేదు, చివరిదాకా చదివితే ఆ మనిషి ఎలాంటివాడో తెలిసిపోయింది, ఆ మాటేమిటో కూడా తెలిసిపోయింది. మేడం బాగుందనే అంది. అయినా ఒకసారి తన కళ్ళతో చూసుకోవాలనిపించింది.

"ఏంది ఆ మాట?" అంది అమ్మ.

"రిలక్టెంట్ అత్తయ్యా."

"అంటే?"

"కొత్తదానికి మనసొప్పక వెనకాడేవాళ్ళని అంటారండీ."

"మరి తెలీని మాట నీకు అక్కడ కూర్చుని ఎట్టా తెలిసింది?"

పిచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఒక తాలుకాయని ఎంతో శ్రద్ధగా పరిశీలించాను. వదిన కాసేపు ఆలోచించి, చదువుతుంటే మనకి తెలిసిన మనిషెవరో గుర్తొచ్చారు అంది.

అమ్మ కూడా ఆలోచించింది. మెల్లిగా మొహం విప్పారింది.

"మా చెంచురామయ్యేగా," అంది. చెంచురామయ్య మా మేనమామ. "నాకు తెలుసు. వాడు టచ్ ఫోను కూడా అట్టాగే, ఊరంతా కొన్నాక కొన్నాడు."

"అవునత్తయ్యా, బాబాయిగారే," అంది వదిన. మొహంలో ఒక్క గీత కదల్లేదు. నా దగ్గర నేర్చుకున్న విద్య ఊరికే పోలేదు.

అమ్మకి హుషారొచ్చింది. చాట పక్కకి నెట్టేసింది.

"రేపు పొద్దున్నే వాడికి కబురు పంపుతా. వచ్చే ఏడు వాడి మిరపకి మందు మా కోడలే కొట్టిద్ది, వెనకాడకుండా ముందే చెప్పి పెట్టుకోమని. తరవాత ఖాళీ లేదంటే నన్ను అనొద్దు."

అన్నయ్య సంచి మూతి కుడుతూ కుడుతూ ఆగాడు. దారం పళ్ళతో కొరికి, వదిన పక్కకి వచ్చి కూర్చున్నాడు. ఇంకేమీ అనలేదు, మాటలు అయిపోయాయి కదా. కూర్చుని, ఆమె అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ చెదిరిన ఇంగ్లీషు మాటని తలకిందులుగా పెట్టుకుని చాలాసేపు చదువుతున్నట్టు చూశాడు.